కంచె ఎవరి పద్దులో?

కొత్త సినిమా రాగానే హాలుకు పరుగెత్తే ఓపిక నాకు ఏనాడో పోయింది. పదిమందీ చూసి, పొగిడి, తిట్టి, మరిచిపోయాక తీరిగ్గా ఇంట్లో కూర్చుని చూస్తాను. అందులో ఓ సుఖం ఉందండీ. అప్పటికి గోలంతా సద్దుమణిగి, ఒట్టి సినిమా మిగులుతుంది. 2023 డిసెంబరులో వచ్చిన ‘డంకీ’ని కూడా అలాగే ఆలస్యంగా, ఓ ఆదివారం సాయంత్రం చూశాను. రాజ్‌కుమార్ హిరాణీ తీశాడు, షారుఖ్ ఖాన్ వేశాడు. హిందీ సినిమా గొడవ మనకెందుకమ్మా అని మీరనొచ్చు. ఆ రోజు పొద్దున మా అపార్ట్‌మెంటులో జరిగిన మీటింగుకీ, ఈ సినిమాకీ, మా చెల్లెలి కాపురానికీ చిక్కుముడి పడిపోయింది గనక రాయక తప్పడం లేదు.

ముందు మీటింగు సంగతి చెబుతాను.

మేముండేది నాచారంలో, హెచ్.ఎం.టి. నగర్ దగ్గర. ఇరవై ఫ్లాట్ల పాత భవనం. గత నెల కింద పార్కింగులో రెండు సైకిళ్ళూ, ఓ గ్యాస్ సిలిండరూ పోయాయి. దాంతో అసోసియేషన్ మీటింగు పెట్టారు. సెక్రటరీ ఎవరో కాదు, మా చెల్లెలి కొడుకే. రెండు తీర్మానాలు తెచ్చాడు. ప్రహరీగోడ మూడడుగులు పెంచి పైన ఇనపముళ్ళ తీగ చుట్టించాలి, ఇంటికి 6,500 రూపాయలు. ఇది మొదటిది. మా వెనక వీధిలో రేకుల గదులున్నాయి. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో కూలిపనికి వచ్చే కుర్రాళ్ళు గదికి ఆరుగురూ ఏడుగురూ చొప్పున అందులో ఉంటారు. వాళ్ళు బెంగాలీ మాట్లాడుతున్నారు గనక బంగ్లాదేశ్ వాళ్ళయి ఉంటారనీ, వెంటనే ఖాళీ చేయించమనీ ఆ గదుల యజమానికి అందరం సంతకాలు పెట్టి ఉత్తరం ఇవ్వాలి. ఇది రెండోది.

“సంతకం పెట్టు పెద్దమ్మా” అని కాగితం నా చేతిలో పెట్టాడు. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయానని చెప్పి కాగితం పట్టుకుని పైకొచ్చేశాను. కళ్ళజోడు కొంగుకే ఉంది. అబద్ధమాడానన్నమాట.

సాయంత్రం వాడే వచ్చి, “పెద్దమ్మా, ఈ సినిమా చూడు, దొంగదారిన దేశాలు దాటేవాళ్ళ సంగతి తెలుస్తుంది” అంటూ టీవీలో ‘డంకీ’ పెట్టి తనూ కూర్చున్నాడు. మావారు, మా చెల్లెలు, ఎనభై ఎనిమిదేళ్ళ మా అత్తగారు... అందరం చూశాం.

కథ క్లుప్తంగా చెబుతాను. 1995లో, పంజాబులో ఓ చిన్న ఊరు. అక్కడ ప్రతివాడికీ లండన్ పిచ్చి. చదువూ లేదు, డబ్బూ లేదు, ఇంగ్లీషు అసలే లేదు. వీసా కోసం ఇంగ్లీషు పరీక్ష రాయాలని అవస్థలు పడతారు. ఆ సగం సినిమా కడుపుబ్బ నవ్విస్తుంది. వీసా రాని ఓ కుర్రాడు ఒంటికి నిప్పంటించుకోవడంతో నవ్వంతా ఆరిపోతుంది. మిగిలినవాళ్ళు పాకిస్తాన్, అఫ్ఘనిస్తాన్, ఇరాన్, టర్కీల మీదుగా నడిచి, దాక్కుని, తూటాలు తప్పించుకుని లండన్ చేరతారు. దొంగదారికి పంజాబీవాళ్ళు పెట్టుకున్న పేరే ‘డంకీ’. గాడిదలాగా ఎక్కడపడితే అక్కడ దాటడమని అర్థం.

సినిమాలో మంచి పట్టు ఒకటుంది. సరిహద్దు దాటేవాణ్ణి అంకెగా కాక మనిషిగా చూపించాడు. కాల్చుకున్న కుర్రాడి చావును ఊరు ఊరంతా మోసిన తీరు చూసి మా అత్తగారు కళ్ళు తుడుచుకున్నారు. అంతవరకు హిరాణీకి దణ్ణం పెడతాను.

నాకు పేచీ వచ్చింది కోర్టు సీనులో. లండన్‌లో పట్టుబడ్డాక వీళ్ళకో దారి చూపిస్తారు. మా దేశంలో మాకు ప్రాణభయం ఉంది, ఆశ్రయం ఇవ్వండి అని చెబితే ఉండనిస్తారు. హీరోగారు చెప్పనంటాడు. నా దేశాన్ని నిందించి ఇక్కడ ఉండలేనంటాడు. వెనక్కి పంపించేస్తారు. స్నేహితులు మాత్రం ఆ మాట చెప్పి ఉండిపోతారు, హీరోయిన్ సహా. చూశారా దర్శకుడి చాకచక్యం! అబద్ధం ఆడవలసిన పనేమో ఆడింది తోటివాళ్ళు, చప్పట్లేమో హీరోకి. అక్రమంగా దేశం దాటేవాళ్ళ కథ తీస్తూ హీరో చేతికి మాత్రం మసి అంటకుండా చూసుకున్నాడు. అసలు కథంతా ఆ అబద్ధంలోనే ఉందండీ. ఆ మాట చెప్పినవాళ్ళు రాత్రి పడుకునేముందు ఏమనుకున్నారు? అమ్మకు ఉత్తరంలో ఏమని రాశారు? అది వదిలేశాడు. తర్వాత పాతికేళ్ళకు వాళ్ళకు సొంత దేశం రావడానికి వీసా దొరకదు, దొంగదారినే తిరిగి రావలసి వస్తుంది. గొప్ప ఊహే, కాదనను. కానీ ఆ పాతికేళ్ళ బతుకు మాత్రం తెరమీద పట్టుమని పది నిమిషాలు లేదు.

రెండో పేచీ. సినిమాలో సరిహద్దంటే ఒట్టి క్రూరత్వం. తుపాకీ పట్టుకున్నవాడల్లా రాక్షసుడు. తలుపు లేని ఇల్లు ఎక్కడైనా ఉంటుందా? మీ ఇంటికీ గొళ్ళెం ఉంది, మా ఇంటికీ ఉంది. ఎవరు లోపలికి రావాలో చెప్పుకునే హక్కు ఇంటివాళ్ళకు ఉండాల్సిందే. తలుపెందుకు, ఎంత, ఎవరి డబ్బుతో అన్న ప్రశ్న సినిమా అడగలేదు. అడిగి ఉంటే పెద్ద సినిమా అయ్యేది.

సినిమా అయిపోయాక మా పక్క ఫ్లాటావిడ పాలప్యాకెట్టు అడగడానికి వచ్చి, ఆఖరి సీను చూసి, “మన తెలుగువాళ్ళు ఇలా అడవుల్లో పడి వెళ్ళరండీ, దర్జాగా విమానం ఎక్కి వెళతారు” అంది. 2025 ఫిబ్రవరి 5న అమెరికా మిలిటరీ విమానం 104 మంది భారతీయులను బేడీలు వేసి అమృత్‌సర్‌లో దింపినప్పుడు కూడా ఇదే మాట విన్నాను. గుజరాత్, హర్యానా, పంజాబ్ వాళ్ళే అందులో ఎక్కువ. మనవాళ్ళు లేరని పేపర్లో చూసి మన వీధులన్నీ ఊపిరి పీల్చుకున్నాయి.

ఆవిడ ఆ మాట అన్నప్పుడు మా చెల్లెలు చప్పున లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఎందుకు వెళ్ళిందో మా ఇంట్లో అందరికీ తెలుసు.

దర్జాగా విమానం ఎక్కినవాళ్ళ సంగతి కాస్త చెప్పుకుందాం. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగింది. వెయ్యిన్నర మందికి పైగా విద్యార్థులు, ఎక్కువమంది అప్పటి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. క్లాసులు నామమాత్రం. డబ్బు కట్టినవాళ్ళకు వీసా నిలబెట్టే కాగితాలు ఇచ్చేవారు. కొందరు పిల్లల కాళ్ళకు రేడియో కడియాలు తగిలించారు. అది చూసి ఇక్కడ అమ్మల గుండెలు చెరువులయ్యాయి. మన ప్రభుత్వం నిరసన తెలిపింది. యూనివర్సిటీ నడిపిన మనిషికి 2014లో పదహారేళ్ళకు పైగా జైలుశిక్ష వేశారు. సరే, అది మోసగత్తె పని.

2019 కథ ఇంకో రకం. మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ పక్కన ‘యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్‌టన్’ అని ఒకటి వెలిసింది. ఆఫీసుంది, వెబ్‌సైటుంది, ముద్ర ఉంది, ప్రభుత్వ జాబితాలో పేరు కూడా ఉంది. లేనివి పాఠాలూ, పంతుళ్ళూ. దాన్ని నడిపింది అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ శాఖ వాళ్ళే! వలస మోసాలు పట్టుకోవడానికి ప్రభుత్వ ఏజెంట్లే మారువేషాల్లో పెట్టిన కాలేజీ అది. దాదాపు ఆరువందల మంది చేరారు, ఫీజులు కట్టారు. 2019 జనవరి ఆఖరులో వల లాగారు. తొలి విడత అరెస్టయిన 130 మందిలో 129 మంది భారతీయులు, వాళ్ళలో తెలుగువాళ్ళే ఎక్కువ. కమిషన్లు తీసుకుని పిల్లల్ని చేర్పించినందుకు కేసు పడిన ఎనిమిదిమందివీ తెలుగు పేర్లే. ఢిల్లీలో మన విదేశాంగశాఖ అమెరికా రాయబార కార్యాలయానికి నిరసన పత్రం ఇచ్చింది.

మన పెద్దవాళ్ళు ‘కంచే చేను మేస్తే’ అన్న సామెత ఎప్పుడో చెప్పారు గానీ, కంచె తనే చేనులాగా పచ్చగా వేషం వేసుకుని, మేతకొచ్చిన పశువుల్ని పట్టుకోవడం వాళ్ళ ఊహకు కూడా అంది ఉండదు. పైగా ఫీజు కూడా వసూలు! ఆ ఫీజు తిరిగి ఇమ్మని విద్యార్థులు వేసిన దావాను కింది కోర్టు కొట్టేస్తే, 2024 జూన్‌లో పై కోర్టు విచారించవచ్చని చెప్పింది.

అమెరికా ప్రభుత్వం వాదన ఒకటుంది. క్లాసే లేని కాలేజీలో నెలల తరబడి ఫీజు కడుతున్నవాడికి అది చదువు కాదని తెలియదా, ఉద్యోగం చేసుకుంటూ ఉండిపోవడానికే కట్టాడు కదా అని. పిల్లల వాదన ఇంకోటి. మీ ప్రభుత్వ జాబితాలో ఉంటే నమ్మి చేరాం, వేరే కాలేజీకి మారదామనుకునేలోగా పట్టుకున్నారు అని. ఏది నిజం?

ఇక్కడ మా ఇంటి గుట్టు చెప్పాలి. మావాడు కూడా ఆ రోజుల్లో అలాంటి ఓ కాగితాల కాలేజీలోనే చేరాడు. ఏదన్నది రాయను. 2014లో వెళ్ళాడు, మంచి యూనివర్సిటీలో ఎమ్మెస్ చేశాడు, ఉద్యోగం దొరికింది. ఇక హెచ్-1బి లాటరీ. ఏడాదికి 85 వేల వీసాలు, దరఖాస్తులేమో దానికి ఎన్నో రెట్లు. రెండుసార్లు వాడి పేరు రాలేదు. గడువు తీరిపోతోంది. ఇక్కడ ఉప్పల్‌లో ఇంటి మీద అప్పు. అప్పుడెవరో స్నేహితుడు ఫలానా కాలేజీలో చేరితే వీసా నిలబడుతుంది, ఉద్యోగం చేసుకోవచ్చు అన్నాడు. చేరాడు. 2019లో తిప్పి పంపించేశారు.

చెల్లెలు ఈనాటికీ “మా అబ్బాయి అమాయకుడు, మోసపోయాడు” అంటుంది. నేనూ నలుగురిలో అలాగే అంటాను. కానీ ఓ రాత్రి వాణ్ణి ఒంటరిగా అడిగాను, “నిజం చెప్పరా, నీకు తెలియదా?” అని. చాలాసేపు ఊరుకుని, “తెలుసు పెద్దమ్మా. తెలియనట్టు ఉండటం అలవాటు చేసుకున్నాను” అన్నాడు. ‘డంకీ’ కోర్టు సీనులో నాకు కావలసిన మాట అదీ! హీరో చెప్పని మాట మావాడు చెప్పాడు.

ఆ అప్పు తీర్చడానికి చెల్లెలు ఉప్పల్‌లో నూటయాభై గజాల సొంత ఇల్లు అమ్మేసి, మా బిల్డింగులోనే రెండో అంతస్తుకు అద్దెకు వచ్చింది. దానికి ఇంట్లో మల్లెపందిరి ఉండేది. ఇప్పుడు మెట్రోరైలు ఎక్కినప్పుడల్లా ఆ వీధివైపు చూడకుండా తల తిప్పుకుంటుంది.

అందుకే మెక్సికో గోడ గురించి ఎవరు మాట్లాడినా నాకు నవ్వొస్తుంది. 2025 జులై 4న అమెరికాలో ఓ పెద్ద బిల్లు చట్టమైంది. సరిహద్దులకూ, వలస వచ్చినవాళ్ళను పట్టుకోవడానికీ కలిపి దాదాపు 17 వేల కోట్ల డాలర్లు. అందులో ఒక్క గోడకే 4,650 కోట్లు. పట్టుకున్నవాళ్ళను ఉంచే నిర్బంధ కేంద్రాలకు ఇంకో 4,500 కోట్లు. రూపాయల్లోకి మారిస్తే మొత్తం 14 లక్షల కోట్లు దాటుతుంది. మన తెలంగాణ బడ్జెట్టు 2025-26లో మూడు లక్షల కోట్ల పైచిలుకు. అంటే మన రాష్ట్రాన్ని నాలుగేళ్ళు నడపడానికి సరిపోయి ఇంకా మిగిలేంత సొమ్ము.

దీన్ని సమర్థించేవాళ్ళ మాట కూడా వినాలి. మెక్సికో సరిహద్దులో పట్టుబడేవాళ్ళ సంఖ్య 2025లో అయిదు దశాబ్దాల్లో ఎన్నడూ లేనంత తగ్గింది, గట్టిగా ఉంటే పని జరుగుతుందనడానికి ఇదే రుజువు కాదా అంటారు. తగ్గిన మాట నిజమే. అయితే ఆ తగ్గుదల ఈ డబ్బు మంజూరు కాకముందే, నిబంధనలు బిగించినప్పుడే వచ్చింది. ఇటుకలు పేర్చకముందే దారి మూసుకుపోయిందంటే ఇటుకలకు అంత ఖర్చెందుకని ఇల్లు నడిపే ఏ ఆడదైనా అడుగుతుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. మావాడిలాంటివాళ్ళు గోడ దూకలేదు. ముందుగుమ్మంలోంచి, నవ్వుతూ, ముద్ర వేయించుకుని వెళ్ళారు. గడువు తీరాక ఉండిపోయారు. గోడ ఇరవై అడుగులుంటే వాళ్ళకేం, నలభై అడుగులుంటే వాళ్ళకేం?

అసలు ఎంతమంది ఉన్నారన్నదీ తేలదు. కాగితాల్లేకుండా అమెరికాలో ఉన్న భారతీయులు 2022లో 7 లక్షల 25 వేలని ప్యూ పరిశోధన సంస్థ లెక్కవేసింది. అదే ఏడాదికి అమెరికా ప్రభుత్వం వేసిన లెక్క 2 లక్షల 20 వేలు. ఇంట్లో బియ్యం రెండు కిలోలున్నాయో ఏడు కిలోలున్నాయో తెలియకుండా డబ్బా కొనడానికి బయల్దేరినట్టుంది.

మన సంగతి చూద్దాం. బంగ్లాదేశ్‌తో మనకున్న సరిహద్దు 4,096 కిలోమీటర్ల పొడవు. అందులో మూడు వేల కిలోమీటర్లకు పైగా కంచె వేశారు. 1965లో పుట్టిన సరిహద్దు భద్రతా దళానికి 2025-26 బడ్జెట్టులో 28 వేల కోట్లకు పైగా కేటాయించారు. ఎండలో, నదీ లంకల్లో కాపలాకాసే ఆ జవాన్లంటే నాకు గౌరవమే. దొంగ నోట్లూ, పశువులూ, ఆడపిల్లలూ అక్రమంగా దాటిపోకుండా ఎవరో ఒకరు నిలబడాలి కదా.

మావారు సర్వే ఆఫ్ ఇండియాలో మ్యాపులతో జీవితం గడిపిన మనిషి. మన ఉప్పల్‌లో వాళ్ళ శిక్షణ సంస్థ ఉంది, తెలుసు కదూ? ఊళ్ళు, ఏళ్ళు, ఎల్లలు కొలిచే విద్య నేర్చుకోవడానికి దేశం నలుమూలల నుంచీ అక్కడికి వస్తారు. సరిహద్దు గీత అంటే ఆయనకు దేవుడి రాత కాదు, మనిషి చెక్కిన పెన్సిలు. ఆ రాత్రి ఆయన ఓ సంగతి చెప్పారు. 2015 జులై 31 అర్ధరాత్రి భారత్, బంగ్లాదేశ్ తమ తమ నేల ముక్కలు మార్చుకున్నాయి. ఇటువైపు చిక్కుకుపోయిన 51 బంగ్లాదేశ్ ముక్కలు మనవయ్యాయి, అటువైపున్న మన 111 ముక్కలు వాళ్ళవయ్యాయి. ఇటున్న 14 వేలకు పైగా జనం తెల్లారేసరికి భారతీయులయ్యారు.

“వాళ్ళు మంచం దిగలేదోయ్. గీత వాళ్ళ మీదుగా నడిచి వెళ్ళింది” అన్నారు మావారు.

మావాడికి ఆ మాట రుచించలేదు. “అదంతా సరే పెదనాన్నా. రూలు తప్పినందుకు నన్ను బేడీలు వేసి పంపారు. మా అమ్మ ఇల్లు పోయింది. నేను శిక్ష అనుభవించాను. వీళ్ళు మాత్రం ఎందుకు అనుభవించకూడదు?” అన్నాడు. గొంతు వణికింది. వాడిది ఒట్టి కోపం కాదు, న్యాయంగానే అడుగుతున్నాడు. తప్పు చేసి డబ్బు పోగొట్టుకున్నవాడికి, తప్పించుకున్నవాణ్ణి చూస్తే మండకుండా ఎలా ఉంటుంది?

అప్పటిదాకా మాట్లాడకుండా కూర్చున్న మా అత్తగారు, “ఒరే అబ్బాయ్, మీ తాతగారి ముల్కీ సర్టిఫికెట్టు సంగతి నీకు తెలియదు కదూ?” అన్నారు.

నాకూ తెలియదు! ఇన్నేళ్ళ కాపురంలో ఎన్నడూ వినలేదు.

మామగారిది తెనాలి. 1958లో హైదరాబాదు వచ్చారు. ఇక్కడ సర్కారు నౌకరీ కావాలంటే నిజాం కాలం నాటి ముల్కీ నిబంధనల ప్రకారం పదిహేనేళ్ళు ఈ గడ్డ మీద ఉండి ఉండాలి. ఆయన దిగి పదిహేను వారాలు కూడా కాలేదు. ఎవరికో కొంత ముట్టజెప్పి, ఇద్దరు సాక్షుల చేత సంతకం పెట్టించి సర్టిఫికెట్టు సంపాదించారట. తెనాలి కాలవల్లో ఈత కొట్టిన మనిషి, పుట్టింది మొదలు మూసీ నీళ్ళే తాగినట్టు కాగితం! “1969లో ముల్కీ గొడవలు వచ్చినప్పుడు మీ తాతగారు రాత్రిళ్ళు నిద్రపోలేదురా. రాళ్ళు పడతాయని భయం కాదు. ఆ ఉద్యోగం రాని ఇక్కడి కుర్రాడెవడో తలుపు కొట్టి, నా కాగితం చూపించమని అడుగుతాడేమోనని” అన్నారు అత్తగారు.

ఇంట్లో నిశ్శబ్దం. మావారు ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నారు. ఆ జీతంతోనే ఆయన చదువుకున్నారు మరి.

ఆ కుర్రాడెవడో నిజంగానే ఉండి ఉంటాడు. 1969లో వీధుల్లోకి వచ్చిన పిల్లల కడుపుమంటలో మా మామగారి సర్టిఫికెట్టు వాటా కూడా చిన్నదో పెద్దదో ఉంది. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధనలు చెల్లుతాయంది, మరుసటి ఏడాది పార్లమెంటు వాటిని రద్దు చేసింది. మా మామగారు గౌరవంగా రిటైరై, పింఛను తీసుకుని, దండ వేసిన ఫోటో అయ్యారు. మావాడేమో బేడీలతో విమానం దిగాడు. ఇద్దరూ కాగితంతో చేసిన పని ఒక్కటే. ఒకరికి కాలం కలిసొచ్చింది, అంతే.

అయితే తప్పు చేసినవాళ్ళందరినీ వదిలేయమంటావా అని మీరు అడుగుతారు. అననండీ. ఆ దొంగ సర్టిఫికెట్టుకు ఎవరో మూల్యం చెల్లించారని నాకిప్పుడు తెలిసింది గనక అసలే అనను. తప్పు రుజువైతే శిక్ష ఉండాలి, శిక్ష తప్పుకు తగ్గట్టు ఉండాలి. కానీ రుజువన్నది ఒకటి ఉండాలి కదా? 2025లో అనుమానితులను ఏరెయ్యాలన్న హడావిడిలో బెంగాలీ మాట్లాడిన పాపానికి మన దేశస్థులనే కొందరిని సరిహద్దు దాటించేశారనీ, కోర్టులకెక్కి వెనక్కి తెచ్చుకోవలసి వచ్చిందనీ పేపర్లలో చదివాం. మాల్దావాడూ బెంగాలీయే మాట్లాడతాడు, ఢాకావాడూ బెంగాలీయే మాట్లాడతాడు. భాష వింటే దేశం తెలియదు. ఆ పని పోలీసులది, కోర్టులది. ఫ్లాట్ల అసోసియేషన్‌ది కాదు.

మావాడితో అదే అన్నాను. “నిన్ను పట్టుకున్నప్పుడు అమెరికావాళ్ళు కనీసం నీ కాగితం చూశార్రా. నువ్వు వీళ్ళ మాట మాత్రమే విన్నావు.”

వాడు జవాబు చెప్పలేదు. టీవీ ఆపేసి వెళ్ళిపోయాడు.

తర్వాత వారం గోడపని మొదలైంది. మేస్త్రీ మన మల్లాపూర్ మనిషే గానీ, ఇటుక పేర్చడానికి వచ్చిన నలుగురూ ఆ వెనక రేకుల గదుల కుర్రాళ్ళే! ఎవరి మీద అనుమానంతో గోడ పెంచుతున్నామో వాళ్ళ చేతే పెంచుతున్నామన్నమాట. మంచినీళ్ళు ఇస్తూ ఏ ఊరని అడిగాను. మాల్దా అన్నాడు ఒకడు. జేబులోంచి ఆధార్ కార్డు తీసి చూపించాడు. నేను అడగలేదండీ. ఊరి పేరు అడిగితే కార్డు చూపించాలని వాడికి ఎవరు నేర్పారో తెలియదు గానీ, ఆ నిమిషంలో నాకు సిగ్గేసింది. పైమెట్టు మీద నిలబడి మావాడు అదంతా చూస్తూనే ఉన్నాడు.

సినిమా విమర్శ రాయబోయి ఇంటి పురాణం విప్పానని ఎడిటర్‌గారు కోప్పడతారేమో. కానీ నా విమర్శ ఇదే. ‘డంకీ’ నడిచి వెళ్ళినవాళ్ళ కథ చెప్పింది, మంచిదే. మన తెలుగువాళ్ళకు కావలసింది ఎవరూ నడవని సినిమా. అందులో కొండలుండవు, తూటాలుండవు. ఓ అప్పు, ఓ లాటరీ, తెలియనట్టు ఉండటం అలవాటు చేసుకున్న ఓ మంచి కుర్రాడు, మల్లెపందిరి అమ్ముకున్న ఓ తల్లి ఉంటారు. తలుపు కావాలనేవాళ్ళూ, తలుపు దగ్గర ఆగిపోయినవాళ్ళూ ఒకే ఇంట్లో కూర్చుని అన్నం తింటుంటారు. హీరోకి చేతులు శుభ్రంగా ఉండవు. అటువంటి సినిమా ఎవరైనా తీస్తే, ఈసారి ఆలస్యం చేయకుండా మొదటి ఆటకే వెళతాను.

గోడ లేచింది. మా వాటా 6,500 కట్టేశాం. గోడ పూర్తయిన రోజు సాయంత్రం మా అత్తగారు కిందికి దిగి చూసి, వెనక గేటు గొళ్ళెం ఊడిపోయి ఆర్నెల్లయిందనీ, సైకిళ్ళు ఆ దారినే పోయి ఉంటాయనీ అన్నారు. గొళ్ళెం ఖరీదు నూటఇరవై రూపాయలట. వచ్చే మీటింగులో పెడతారు.

సంతకాల కాగితం మాత్రం ఇంకా మా ఫ్రిజ్ మీదే ఉంది. వాడు అడగలేదు. నేను ఇవ్వలేదు.